బోరు పాయింటు, మూలమట్టం, పటిక బిందె: తెలివి బుద్ధి నుంచి వస్తదా, అనుభవం నుంచి వస్తదా?

1. మూసీఒడ్డు

జ్ఞానం బుద్ధి నుంచా, అనుభవం నుంచా అన్న చర్చ ఇక్కడ ఇంతకుముందే రెండుసార్లు మొదలైంది. రెండుసార్లూ బుద్ధి పక్కన డెకార్త్ ఇట్లన్నడు, అనుభవం పక్కన లాక్ అట్లన్నడు అని పేర్ల పట్టీ అయ్యి ఆగిపోయింది. ఈసారి ఒక షరతు. నల్గొండ, పాలమూరు దిక్కు రోజూ జరిగే పని ఒకటి పట్టుకోండి. అందులో ఏ ముక్క చూసి తెలుసుకున్నం, ఏ ముక్క చూడకుండనే తెలుసుకున్నం, విడగొట్టి చూపండి.

మొదలు నేనే పెడుత. అన్నం ఉడికిందా అని ఒక మెతుకు పట్టి చూస్తం. చూసింది ఒక్క మెతుకు, తీర్పు కుండ మొత్తానికి. తక్కిన మెతుకుల సంగతి ఎవరు చెప్పిన్రు? అనుభవం అందామంటే వాటిని ఎవరూ పట్టి చూడలే కదా.

2. హేత్వాభాస

దీనికి మనవాళ్ళు పెట్టిన పేరు స్థాలీపులాక న్యాయం. మెతుకుకూ కుండకూ మధ్య బయటికి చెప్పని వాక్యం ఒకటి ఉంది: "ఇందులో మెతుకులన్నీ ఒకే పాకంలో ఉన్నాయి." ఇంటి గిన్నెలో ఆ వాక్యం చెల్లుతుంది. ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే సెగ. పెళ్ళి వంటల గుండిగలో చెల్లదు. కింద కట్టెల మంట, పైన గాలి. పైమెతుకు పలుకు మీద ఉండగానే అడుగు మాడుతుంది. అందుకే గుండిగ దగ్గర నిలబడేవాడు అడుగు నుంచి తెడ్డు తిప్పి, నడుమ ఒకచోట, అంచున ఒకచోట పట్టి చూస్తాడు. పరీక్ష అదే, మెతుకూ అదే. మారింది దాని వెనక ఉన్న వ్యాప్తి.

వ్యాప్తి అంటే ఎడబాయని జంట. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది. దీన్ని తిరగేసి "నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుంది" అంటే కూలిపోతుంది. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఎర్రటి ఇనుప ముద్దకు నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడు కావాలి. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు, అంటే చెప్పకుండా దాక్కున్న షరతు. మెతుకు పరీక్షలో "సెగ సమానంగా తగలడం" ఉపాధి. ఈ పాఠాన్ని ఇప్పటికీ తర్కం నేర్చేవాళ్ళు మొదట చదివేది తర్కసంగ్రహంలోనే. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడే.

ఇక మీ ప్రశ్నకు. మెతుకు మెత్తగా ఉండడం ప్రత్యక్షం. కుండంతా ఉడికిందనేది అనుమానం. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, హేతువు పట్టుకొని నడిచే జ్ఞానం. వాడుక తెలుగులో ఈ మాట అర్థం తలకిందులైంది. సగం చర్చలు అక్కడే దారి తప్పుతాయి.

3. గ్రానైట్_గుట్ట

సారు చెప్పిన ఉపాధికి మా దిక్కు పెద్ద ఉదాహరణ బోరు పాయింటు. "పుట్ట ఉన్న కాడ నీళ్ళుంటయి" అంటరు. ఇది గాలికి పుట్టిన మాట కాదు. ఆరో శతాబ్దంల వరాహమిహిరుడు బృహత్సంహితల దకార్గళం అని ఒక అధ్యాయమే రాసిండు. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతుల నీళ్ళు పడుతయో లెక్కలతోటి సహా ఉన్నది. చెదలకు తేమ కావాలె, తేమ ఉన్న మన్ను కాడ పుట్ట పెడుతయి. చేదబావి తవ్వే కాలంల ఆ వ్యాప్తి చాలావరకు పనిచేసుంటది, ఎందుకంటే బావి దిగేది మొరం పొర దాకనే.

ఇప్పుడు మనం దించేది వందల అడుగుల బోరు. మొరం దాటినంక గట్టి గ్రానైటు. అందుల నీళ్ళు ఉండేది పగుళ్ళల్ల మాత్రమే. పైన పుట్టకు, 300 అడుగుల కింద పగులుకు సంబంధం లేదు. అనుభవం అబద్ధం కాదు, దాని షరతు పోయింది. "నీళ్ళు పైపొరలనే ఉండాలె" అన్నది ఉపాధి. మాట మిగిలింది, ఉపాధి రాలిపోయింది.

మీటరు పెట్టి చూసినా గిదే పంచాయితీ. నాలుగు ఇనుప కడ్డీలు వరుసగ పాతుతరు. బయటి రెండింటి నుంచి కరెంటు పంపి, నడిమి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తరు. బయటి కడ్డీలు దూరం జరిపినకొద్ది కరెంటు లోతుకు దిగుతది. పగుల్లేని రాయి అయితే నిరోధం వేల ఓం-మీటర్లకు ఎక్కుతది, నీళ్ళు నిండిన మొరం అయితే పదుల్లకు దిగుతది. కాని బంకమట్టి కూడ తక్కువే చూపెడుతది, ఉప్పునీళ్ళు ఇంకా తక్కువ. "నిరోధం తక్కువ, కాబట్టి మంచినీళ్ళు" అన్నది సారు భాషల సవ్యభిచార హేతువు, అంటే ఇంకోదిక్కు కూడ తిరిగే హేతువు. లోతుల ఉన్న సన్నటి పగులు మీటరుకు అసలే చిక్కదు. అందుకే మీటరు చూసి వేసిన బోర్లు కూడ దుమ్ము కొడుతయి.

4. చింతచిగురు

మరి అరచేతిల కొబ్బరికాయ లేచి నిలబడితే అది ప్రత్యక్షమా, అనుమానమా, ఉపమానమా సారూ? 😄

5. గ్రానైట్_గుట్ట

కాయ లేవడం ప్రత్యక్షమే తమ్మీ, దాన్నెవరూ కాదనరు. నీళ్ళున్నందుకే లేచిందన్నది ప్రత్యక్షం కాదు. దాన్ని పరీక్షించాలంటే బోరు కూడ వేయక్కర్లే. చేనును 20 గళ్ళు చెయ్యి. కాయ పట్టినాయనను తిప్పు, ఏ గడిల లేచిందో రాసుకో. కండ్లకు గంతలు కట్టి, గళ్ళ వరుస మార్చి మల్ల తిప్పు. నీళ్ళే లేపుతుంటే మల్ల గదే గడిల లేవాలె. ఊరికె ఎత్తినా 20లో 1 వంతు అదృష్టం ఉంటది. గంతలతోటి వరుసగ రెండుసార్లు మొదటి గడే తగిలితే 400లో 1 వంతు, అప్పుడు కూసొని ఆలోచించాలె. గంతలు కట్టంగనే గడి మారిందంటే కాయను లేపింది నీళ్ళు కాదు, చెయ్యి.

ఇంకోటి. ఎక్కడ వేసినా పదింట ఆరు బోర్లు తగిలే ఊర్ల కాయ పట్టి ఆరు తగిలించినోడు ఏమీ తగిలించనట్టే. కాయ పట్టకుండ వేసిన బోర్ల లెక్క పక్కన పెట్టకపోతే ఎంత అనుభవమున్నా అది లెక్కకు రాదు. ఎండిన బోర్లు యాదికుండయి, పడ్డవే యాదికుంటయి.

6. డిండి_దారి

గ్రానైట్ గుట్ట అన్న చివరి పేరా దగ్గర ఆగుతాను. అక్కడ ఆయన అనుభవంతోనే అనుభవాన్ని కొట్టారు. కానీ ఆ 20లో 1, 400లో 1 ఎక్కడివి? ఏ చేనులోనూ కొలవలేదు. గళ్ళు సమానమని ఒప్పుకుంటే చాలు, 20 పెట్టు 20 అన్న గుణకారం నుంచి వచ్చేస్తాయి.

తత్వవేత్త హ్యూమ్ 1748లో గీసిన గీత ఇదే. ఒక పక్క భావాల మధ్య సంబంధాలు. 20 పెట్టు 20, 400. ఇది తెలియడానికి లోకంలోకి తొంగి చూడక్కర్లేదు. ఇంకో పక్క సంగతులు. ఈ గడిలో నీళ్ళున్నాయి, ఉప్పు కరుగుతుంది, రేపు తెల్లారుతుంది. వీటిలో దేన్ని కాదన్నా తర్కం విరగదు. రేపు తెల్లారదు అన్న వాక్యం తప్పు కావచ్చు గానీ అర్థం లేనిది కాదు. ఆ రెండో రకానికి హామీ ఏమిటి అని హ్యూమ్ అడుగుతాడు. ఇప్పటిదాకా జరిగినట్టే ఇకముందూ జరుగుతుందనే నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం? ఇప్పటిదాకా అది నిజమైంది కాబట్టి. గుండ్రంగా తిరిగి మొదటికొచ్చాం. హేత్వాభాస గారి వ్యాప్తికి కూడా ఇదే గతి. చూసిన పొగలన్నింటికీ నిప్పు ఉంది సరే, చూడని పొగకు?

7. హేత్వాభాస

చార్వాకులు ఇదే అడిగారు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, అన్నారు. దానికి పాత జవాబు: "అనుమానం ప్రమాణం కాదు" అన్న మాట ఎదుటివాడికి ఎక్కాలంటే, ఎదుటివాడికి మనసుందనీ, మన మాట దాన్ని చేరుతుందనీ ఒప్పుకోవాలి. అది కంటికి కనిపించదు, ఊహించాల్సిందే.

కానీ నాకు ఇంకా పదునుగా అనిపించేది పదో శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడి మాట. సందేహానికి హద్దు వ్యాఘాతం, అంటే తన పనితో తన మాటకే విరోధం రావడం, అంటాడాయన. పొగకూ నిప్పుకూ సంబంధం లేదేమో అని వాదించేవాడే, దోమలకు పొగ పెట్టాలంటే నిప్పే వెతుకుతాడు. చేత్తో చేసే పని నోటితో చెప్పే సందేహాన్ని కొట్టేస్తే ఆ సందేహాన్ని ఇక లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. హ్యూమ్‌కు ఇది జవాబు కాదని మీరంటారు, తెలుసు. నిరూపణ అడిగినవాడికి నడత చూపిస్తున్నారంటారు. ఉదయనుణ్ణి ఖండించిన శ్రీహర్షుడు కూడా అదే అన్నాడు.

8. ల్యాబ్_గ్లాసు

చేనులోంచి చర్చను నీళ్ళ గ్లాసులోకి తెస్తాను. మన జిల్లాలో ఈ ప్రశ్నకు అంతకంటే మంచి చోటు లేదు.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. మన బావుల్లో ఉండే మోతాదులో రుచి కూడా తెలియదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు, ఇది భారత ప్రమాణం. 1కీ 5కీ తేడా నాలుకకు అందదు. పైగా నాలుక తప్పుదారి పట్టిస్తుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్ళు చవుడుగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. "ఈ నీళ్ళు మంచివి కావు" అని వదిలేస్తారు. కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువున్న నీళ్ళు మెత్తగా, హాయిగా ఉంటాయి. ఫ్లోరైడు ఎక్కువగా ఉండేది వాటిలోనే. కారణం ఇదీ: కాల్షియమూ ఫ్లోరైడూ కలిస్తే కరగని కాల్షియం ఫ్లోరైడు అవుతుంది. నీళ్ళలో కాల్షియం పరిమాణాన్ని ఫ్లోరైడు వర్గంతో గుణిస్తే వచ్చే లబ్ధం ఒక హద్దు దాటదు. కాల్షియం సగమైతే, నీళ్ళు మోయగల ఫ్లోరైడు 1.41 రెట్లవుతుంది. గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు వస్తూనే ఉంటుంది, కాల్షియమేమో సున్నపు గడ్డలుగా మట్టిలోనే దిగిపోతుంది. అంటే ఇక్కడ తరాల నాలుక అనుభవం సరిగ్గా తిరగబడింది.

మరి ఎట్లా తెలిసింది? 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు జబ్బు) మీద వ్యాసం వచ్చేనాటికి ఏం కొలవాలో వైద్యులకు తెలుసు. అంతకు ముందరి కథ అమెరికాది. కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901 నుంచి మెకే అనే పళ్ళ డాక్టరు గోధుమ మచ్చల పళ్ళు చూస్తూ వచ్చాడు. గమనించినవి: అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మచ్చలున్నాయి. పెద్దయ్యాక ఆ ఊరు చేరినవాళ్ళకు లేవు. కాబట్టి పన్ను చిగురులోపల తయారయ్యే వయసులోనే ఏదో లోపలికి పోతోంది. ఒకే నీళ్ళు తాగే ఇళ్ళకు ఒకే మచ్చలు, కాబట్టి అది నీళ్ళలో ఉంది. అప్పటి పరీక్షల్లో నీళ్ళు శుభ్రమనే వచ్చింది. అయినా ఐడహోలోని ఓక్లీ అనే ఊళ్ళో 1925లో కొళాయి నీళ్ళ ఊటనే మార్పించారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా వచ్చాయి. ఏ పదార్థమో పేరు తెలియకుండానే మందు దొరికింది! 1931లో అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ (ప్రధాని కాదు) స్పెక్ట్రోగ్రాఫ్ పెట్టి చూస్తేగానీ ఫ్లోరైడు అని తేలలేదు.

లెక్క వేయండి. 30 ఏళ్ళపాటు కంటికి కనిపించనిదాన్ని బుద్ధి పట్టుకొని కూర్చుంది. కానీ ఆ బుద్ధికి మేత వేసింది పళ్ళను చూసిన కళ్ళే.

9. హేత్వాభాస

ల్యాబ్ గ్లాసు గారు చెప్పింది అన్వయ వ్యతిరేకాలకు పాఠం. నీళ్ళున్నచోట మచ్చలుండడం అన్వయం. ఊట మారిస్తే మచ్చలు పోవడం వ్యతిరేకం. వ్యతిరేకం లేని అన్వయం కుంటిది. పుట్ట పక్కన పడిన బోర్లు లెక్కపెట్టినవాళ్ళు పుట్ట లేనిచోట పడినవి లెక్కపెట్టకపోవడం ఆ కుంటితనమే.

10. మూలమట్టం

నీళ్ళ సంగతి నాకు తెల్వది. ఇల్లు ముగ్గు పోసే కాడ ఏమైతదో చెప్త.

మూల 90 డిగ్రీలు రావాలంటే 3, 4, 5 కొడ్తరు. ఒక దారం మీద 3 అడుగులు, ఇంకో దారం మీద 4, నడుమ టేపు 5 చూపియ్యాలె. చాలామంది మేస్త్రీలకు పైథాగరస్ పేరు తెల్వదు, అవసరం లేదు. కాని ఒక తప్పు మస్తుగ అయితది. దారం సాగి, టేపు వంగి, 5 అడుగుల కాడ అర అంగుళం తేడా వస్తే మూల దాదాపు ఒక డిగ్రీ తిరుగుతది. 40 అడుగుల గోడ చివరికి పోయేసరికి అది 8 అంగుళాలు దాటుతది. అదే అర అంగుళం తప్పు 9, 12, 15 అడుగుల మీద అయితే గోడ చివర తేడా 3 అంగుళాల లోపే ఉంటది. అందుకే ఎంత జాగ ఉంటే అంత పెద్ద కొలత కొట్టాలె, నాలుగు మూలలూ అయినంక అడ్డంగ రెండు కర్ణాలు కొలిచి సమానం ఉన్నయా చూడాలె.

ఇప్పుడు చర్చకు. 2 అడుగుల చదరపు బండకు కర్ణం ఎంత అంటే ఏ మేస్త్రీ అయినా టేపు పెట్టి "2 అడుగుల 10 అంగుళాలు" అంటడు. అంటే 34 అంగుళాలు. నూరుసార్లు కొలిచినా, నూరు బండలు కొలిచినా గదే వస్తది. కాని అది తప్పు. 34 వర్గం 1156. 24 వర్గానికి రెట్టింపు 1152. అసలు కర్ణం 34 కంటే మిల్లీమీటరున్నర తక్కువ. బండ అంచు, సిమెంటు సందు, టేపు గీత మందం, వీటి మధ్య ఆ మిల్లీమీటరున్నర కనపడదు. అనుభవం ఎంత కుప్ప వేసినా పట్టుకోలేని తప్పును కాగితం మీద గుణకారం పట్టుకుంటది. ఇది బుద్ధి పక్కకు వేస్తరా లేదా?

11. చింతచిగురు

చదవేస్తే ఉన్న మతి పోయింది అంటరు గదా, మిల్లీమీటరున్నర కోసం మేస్త్రీని పట్టుకొని గుణకారం చెప్పిస్తే గోడ ఎప్పుడు లేస్తది అన్నా?

12. మూలమట్టం

ఒక్క బండకు అక్కర్లే తమ్మీ. కర్ణం వాటం పెట్టి 40 బండలు వరుసగ పరిచినప్పుడు మిల్లీమీటరున్నర 60 మిల్లీమీటర్లయితది, చివరి బండ కోయాల్సి వస్తది. అప్పుడు మేస్త్రీ "బండలు సక్కగ లేవు" అంటడు. బండలు సక్కగనే ఉంటయి.

13. డిండి_దారి

మూలమట్టం అన్న చెప్పిన చదరం ప్లేటో రాసిన మెనో అనే సంభాషణలో ఉన్నదే. 2 అడుగుల చదరం, వైశాల్యం 4. దీనికి రెట్టింపు వైశాల్యం ఉన్న చదరం గీయమని చదువురాని కుర్రవాణ్ణి సోక్రటీసు అడుగుతాడు. భుజం రెట్టింపు చేస్తే సరి, 4 అంటాడు. గీస్తే వైశాల్యం 16. అయితే 3 అంటాడు. గీస్తే 9. కావలసింది 8. చివరికి కర్ణం మీద చదరం లేపితే 8 వస్తుంది. ఎవరూ చెప్పకుండానే చూశాడు కాబట్టి ఆ జ్ఞానం లోపలే ఉంది అని ప్లేటో తీర్మానం. ముగ్గు చుక్కలతో పిల్లల దగ్గర ఇది చేసి చూడొచ్చు. కానీ ఒక జాగ్రత్త: సోక్రటీసు ప్రశ్నల్లో సగం "ఇది ఇంతే కదా?" అన్న తీరువే. చదరం గీసేదీ ఆయనే, చివరికి కర్ణం గీసేదీ ఆయనే. కుర్రవాడు తెచ్చుకున్నది జవాబు కాదు, 16నూ 9నీ చూసి "ఇది కాదు" అనగలగడం. నాకు అదే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది.

గణితం కూడా అనుభవమే అని 1843లో తత్వవేత్త మిల్ వాదించాడు. రాళ్ళు కలిపి కలిపి నేర్చుకున్నాం అంటాడు. దీన్ని పరీక్షించడానికి కొలత గ్లాసులు చాలు. 50 మిల్లీలీటర్ల నీళ్ళలో 50 మిల్లీలీటర్ల స్పిరిట్ పోయండి. 100 రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది. నీటి అణువుల నడుమ సందుల్లో స్పిరిట్ సర్దుకుంటుంది. అది చూసి 50కి 50 కలిపితే 97 అన్నవాడు ఎవడైనా ఉన్నాడా? అందరూ "ఘనపరిమాణాలు కూడబడవు" అన్నారు. అంటే కూడికను లోకం తప్పు పట్టలేదు, లోకంలో కూడిక ఎక్కడ వర్తిస్తుందో మాత్రమే చెప్పింది. కాంట్ 1787లో మన జ్ఞానం గురించి అన్నది దీనికి దగ్గరే: అనుభవంతో మొదలవుతుంది, అంతమాత్రాన అనుభవంలోంచి పుట్టినట్టు కాదు.

14. నిర్వాహకులు

విషయం వదిలి మనుషుల మీదికి పోయిన మూడు వ్యాఖ్యలు తీసేసినం. చర్చ నడవనీయండి.

15. శూన్యవాది

ఇంతసేపూ అందరూ ప్రమాణాలను పంచుకుంటున్నారు. నాకింత ప్రత్యక్షం, నీకింత అనుమానం. మన జిల్లా అంచున సాగర్ నీళ్ళ నడుమ ఉన్న కొండకు పేరిచ్చిన ఆచార్యుడు ఆ పంపకాన్నే ప్రశ్నించాడు. విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో నాగార్జునుడు అడిగేది ఇది: వస్తువులు ప్రమాణాల వల్ల తెలుస్తాయి సరే, ప్రమాణాలు దేనివల్ల తెలుస్తాయి? ఇంకో ప్రమాణం వల్ల అంటే దానికి ఇంకొకటి కావాలి, అంతు లేదు. తమంతట తామే తెలుస్తాయి అంటే వస్తువులకు మాత్రం ఎందుకా అదృష్టం లేదు? దీపం తననూ వెలిగించుకుంటుంది, ఇతరాన్నీ వెలిగిస్తుంది అని ఎదుటివాళ్ళు అన్నారు. దీపంలో చీకటే లేనప్పుడు వెలిగించుకునేది దేన్ని అని ఆయన జవాబు.

16. హేత్వాభాస

దీనికి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో తక్కెడ ఉంది. తక్కెడతో బంగారం తూస్తాం. ఆ తక్కెడ మీద అనుమానం వస్తే, తూకం తెలిసిన బంగారాన్ని దాని మీద పెట్టి తక్కెడను తూస్తాం. ఒకటే వస్తువు ఒకప్పుడు ప్రమాణం, ఇంకొకప్పుడు ప్రమేయం, అంటే తెలుసుకోబడేది. అన్నింటినీ ఒకేసారి అనుమానించాలి అన్నదే తప్పు షరతు. ఏదో ఒకదాని మీద నిలబడే మరొకదాన్ని పరీక్షిస్తాం.

17. ల్యాబ్_గ్లాసు

ఆ తక్కెడ ఇప్పటికీ ప్రతి పొద్దున మా బల్ల మీద ఉంటుంది, పేరు ఎలక్ట్రోడు, ఫ్లోరైడును మిల్లీవోల్టుల్లో చూపే కడ్డీ.

ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడు 2.21 గ్రాములు తూచి లీటరు నీళ్ళలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. ప్లాస్టిక్ సీసాలో పెట్టాలి, ఫ్లోరైడు గాజును తింటుంది (నా పేరు చూసి నవ్వకండి). దాన్ని పలచన చేసి 1, 10 మిల్లీగ్రాముల ద్రావణాలు రెండు తయారు చేస్తారు. ఎలక్ట్రోడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారితే మిల్లీవోల్టులు ఎంత దిగాయో చూస్తారు. 25 డిగ్రీల దగ్గర సుమారు 59 దిగాలి. మే నెలలో గది 35 డిగ్రీలుంటే 61.

2.21ని విప్పి చూడండి. సోడియం ఫ్లోరైడు అణుభారం 42, ఫ్లోరిను 19. ఈ రెండూ లోకాన్ని తూచి తెలుసుకున్నవి. 42ను 19తో భాగిస్తే 2.21, ఇది ఎవరూ తూచలేదు. ఒక్క సంఖ్యలో మీరంతా ఉన్నారు.

అసలు తిరకాసు 59 దగ్గర. ఆ 59, గాఢతకూ వోల్టేజీకీ సంబంధం చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం నుంచి లెక్కగట్టి వచ్చింది. ఎలక్ట్రోడు 48 చూపిస్తే ఏం చేస్తాం? సమీకరణం తప్పు అని ఎవరూ అనరు. ఎలక్ట్రోడు కొసన ఉన్న స్ఫటికం మీద పొర పట్టింది, తుడవాలి అంటారు. తుడిచినా 48 వస్తే ద్రావణం పాతది అంటారు. అది మార్చినా 48 వస్తే ఎలక్ట్రోడు పోయింది అంటారు. అనుభవం ఎదురుతిరిగినప్పుడు ఏ ముక్కను బలి ఇవ్వాలో అనుభవమే చెప్పదు. అంచున ఉన్నదాన్ని ముందు మారుస్తాం, నడుమ ఉన్నదాన్ని చివరిదాకా కాపాడతాం. 1951లో తత్వవేత్త క్వైన్ చెప్పింది ఇదే అనుకుంటాను, డిండి దారి గారు సరిచూడాలి.

18. డిండి_దారి

సరిగ్గా అదే. కానీ క్వైన్ ఇంకో అడుగు వేస్తాడు, నేను ఆగేది అక్కడే. నడుమ ఉన్న గణితాన్ని, తర్కాన్ని కూడా అవసరమైతే మార్చొచ్చు అంటాడు. 42 భాగించు 19ని మార్చాల్సి వచ్చే ప్రయోగం ఎట్లా ఉంటుందో ఒక్కటి చెప్పమంటాను. స్పిరిట్ గ్లాసు దగ్గర మార్చలేదు కదా.

19. పాలపిట్ట

ఎవరూ పిల్లల ముచ్చట ఎత్తలేదు. పుట్టు గుడ్డివాడికి చూపొస్తే, చేత్తో తడిమి తెలిసిన గోళాన్నీ ఘనాన్నీ కంటితో చూసి గుర్తుపడతాడా అని 1688లో మోలినో అనే ఆయన లాక్‌కు ఉత్తరం రాశాడు. గుర్తుపట్టడు అన్నాడు లాక్. మన దేశంలోనే, పుట్టుకతో చూపు లేక శస్త్రచికిత్సతో చూపు వచ్చిన 8 నుంచి 17 ఏళ్ళ ఐదుగురు పిల్లల మీద జరిగిన పరిశోధన 2011లో వచ్చింది. చూసినదాన్ని చూసినదానితో జతచేయడంలో 90 శాతం పైనే సరి. తడిమినదాన్ని చూసినదానితో జతచేయడంలో 58 శాతం, అంటే బొమ్మా బొరుసా కంటే కొంచెం నయం. లాక్ గెలిచాడు అనుకునేలోపే ఇంకో సంగతి: కొద్ది రోజుల్లోనే, ప్రత్యేకంగా ఎవరూ నేర్పకుండా, జత కుదరడం మొదలైంది. అంత తొందరగా కుదిరిందంటే అతకడానికి మచ్చు ముందే ఉన్నట్టు కాదా?

ఇంకొకటి, పెద్దల మాట అనే ప్రమాణం గురించి. మృగశిర కార్తెకు తొలకరి అంటాం. కార్తెలు నక్షత్రాల లెక్క, వానలు సూర్యుడి లెక్క. నక్షత్ర సంవత్సరం రుతు సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. దాదాపు 71 ఏళ్ళకు ఒక రోజు జరుగుతుంది, వెయ్యేళ్ళకు రెండు వారాలు. సామెత కదలదు, దాని కింద ఆకాశం కదులుతుంది. గ్రానైట్ గుట్ట అన్న చెప్పిన పుట్టకూ దీనికీ తేడా లేదు.

20. మూసీఒడ్డు

మంచిగ నడిచింది. ఒక పని ప్రశ్న మిగిలింది, ల్యాబ్ గ్లాసు గారికి. మన జిల్లా పేరు మీద ఉన్న నల్గొండ పద్ధతిల ఫ్లోరైడు తీసేతందుకు నీళ్ళకు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలుపుతరు. కలిపినంక మీటరు పెడితే ఫ్లోరైడు బాగ తగ్గినట్టు చూపిస్తది. పటికల అల్యూమినియం ఉంటది కదా, అది మీటరును మోసం చేయదా? ఇక్కడ కంటికి కనిపించే అంకెనే అనుమానించాలెనా?

21. ల్యాబ్_గ్లాసు

అనుమానించాలి. అక్కడే చాలా కొలతలు చెడతాయి.

ముందు బిందె సంగతి. 40 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, అడుగు నుంచి కొన్ని అంగుళాల ఎత్తులో కొళాయి. ముందు సున్నం, తర్వాత పటిక ద్రావణం. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. పటిక ఎంత అనేది ఫ్లోరైడు ఒక్కదాన్ని బట్టి తేలదు, నీళ్ళ క్షారత కూడా చూడాలి. ఒకే ఫ్లోరైడు ఉన్న రెండు బావులకు రెండు మోతాదులు రావడం అందుకే. పక్క ఊరి మోతాదు తెచ్చి పోస్తే పని చేయదు. మొదట గబగబా కలిపి, తర్వాత పటికతో కట్టే తుట్టెలు విరగకుండా నిదానంగా తిప్పి, గంట కదలకుండా ఉంచాలి. తుట్టెలు ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. కొళాయి మరీ కిందికి ఉంటే ఆ మడ్డి గ్లాసులోకి వస్తుంది. సున్నం తక్కువైతే నీళ్ళు పులుపెక్కి అల్యూమినియం కరిగి మిగిలిపోతుంది.

ఇప్పుడు మీటరు. అల్యూమినియం ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రోడుకు కనిపించేది విడిగా తిరిగే ఫ్లోరైడే, పట్టుబడింది కనిపించదు. కాబట్టి 1.4 ఉన్న నీళ్ళు 0.6 చూపొచ్చు. అందుకే నమూనాకు సమానంగా బఫరు ద్రావణం కలుపుతారు. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలబెట్టి, అల్యూమినియాన్ని తాను పట్టుకొని ఫ్లోరైడును వదిలిస్తుంది. అల్యూమినియం ఎక్కువుంటే అదీ చాలదు.

మోసం జరిగిందా లేదా తేల్చడం ఇట్లా. 100 మిల్లీలీటర్ల బిందె నీళ్ళలో, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ద్రావణం 1 మిల్లీలీటరు వేయండి. బఫరు కలిపి కొలవండి. 0.6 నిజమైతే ఇప్పుడు 1.6 దగ్గర రావాలి. 1.3 దగ్గరే ఆగిందంటే మీరు వేసినదాన్ని కూడా ఏదో మింగుతోంది, మొదటి 0.6 కూడా అబద్ధం. అప్పుడు నమూనాను స్వేదనజలంతో సగానికి పలచన చేసి, బఫరు కలిపి కాసేపు ఆగి కొలిచి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. 0.6 రాకుండా 0.9 వచ్చిందంటే ఇంకా పలచన చేయాలి. వరుసగా రెండు పలచనల్లో ఒకే అంకె వచ్చేదాకా ఆగొద్దు. ఆ అంకెనే రిజిస్టరులో రాయాలి, పక్కన ఎన్ని రెట్లు పలచన చేశారో కూడా.